గోకార్ట్ షెడ్డు: ఊడే చైను, ఉప్పుగాలి, తిరగని కార్ట్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తుప్పు మాట లేనివి తక్కువ. సముద్రం పక్కన కార్ట్ పెట్టుకున్నాక అది తప్పదు. అందుకే దానికి కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో కార్ట్ కొన్నాను. 196 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఇంజను, 428 చైను. పది ల్యాపులు తిరిగేసరికి చైను ఊడిపోతోంది. బిగిస్తే టకటకమని చప్పుడు, వదిలితే ఊడుడు. ఇప్పటికి రెండు చైన్లు మార్చాను. ఏం చెయ్యమంటారు?
– గాజువాక పాఠకుడు

జవాబు: మూడో చైను కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ముందూ వెనకా స్ప్రాకెట్లు (చైను కూర్చునే పళ్ళ చక్రాలు) ఒకే గీతలో లేవు. చూసే ముందు ఇంజను ఆపి ప్లగ్గు క్యాప్ పీకేయండి. ఆగిపోయిన ఇంజనే కదా అని ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో గుడ్డ పెట్టి చైను తుడిస్తే, గుడ్డతో పాటు వేలు కూడా పళ్ళ మధ్యకు వెళ్తుంది.

చైను గార్డు విప్పి, చైను తీసేయండి. అర మీటరు స్టీలు స్కేలు గానీ తిన్నని అల్యూమినియం చానలు గానీ వెనక స్ప్రాకెట్టు ముఖానికి ఆనించి క్లచ్చి స్ప్రాకెట్టు దాకా చాపండి. రెంటికీ పూర్తిగా తగలాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే అంత మేర తేడా ఉన్నట్టు. మిల్లీమీటరు దాటిన తేడా చాలు చైను ఊడడానికి.

తేడా రావడానికి దోషులు ఇద్దరు. ఒకటి, ఇంజను కింది క్లాంపులు. వదులుగా ఉన్నప్పుడు గీత సరిచూసి, తర్వాత బోల్టులు బిగిస్తారు. బిగించేటప్పుడే ఇంజను ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు లాక్కుపోతుంది. అందుకే బోల్టులను ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించి, పూర్తయ్యాక స్కేలు మళ్ళీ పెట్టాలి. రెండోది ఎవరూ అనుమానించనిది, యాక్సిల్. వెనక చక్రాలు రెండూ పట్టుకుని ఎడమకూ కుడికీ గట్టిగా తోయండి. కొంచెం కదిలినా బేరింగులను యాక్సిల్‌కు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూలు వదిలేశాయన్నమాట. మీరు ఎంత సరిచేసినా మొదటి మలుపులో స్ప్రాకెట్టు పక్కకు జరుగుతుంది. స్క్రూలు విప్పి, మరల్లోని నూనె పెట్రోలుతో కడిగి, నీలం రంగు థ్రెడ్‌లాక్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి. బేరింగు లోపలి రింగుకూ యాక్సిల్‌కూ కలిపి పెయింటుతో ఒక గీత గీస్తే తర్వాత జరిగిందో లేదో కంటికి తెలిసిపోతుంది.

ఇక బిగువు. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. స్ప్రాకెట్టు కచ్చితమైన గుండ్రంగా ఉండదు కాబట్టి అన్నిటికంటే బిగువైన చోట ఈ కొలత రావాలి. మీరు చెప్పిన టకటక అక్కడిదే.

పాత చైను సాగిందో లేదో కొలవండి. 428 చైనులో ఒక పిన్ను నడిమి నుంచి 20 లింకుల అవతలి పిన్ను నడిమికి కొత్తలో 254 మిల్లీమీటర్లు. 259 దాటితే పారేయండి. చిన్న కార్టుల్లో వాడే 219 చైనుకు అదే కొలత 155.5, దాటకూడనిది 158. సాగిన చైనుతో తిరిగిన స్ప్రాకెట్టు పళ్ళు కొక్కేల్లా వంగిపోతాయి. వాటి మీద కొత్త చైను వేస్తే అదీ త్వరగా పాడైపోతుంది. మీ రెండు చైన్లకూ అదే జరిగి ఉండొచ్చు. ఇంకో మాట: 420, 428 రెండింటి లింకు పొడవూ 12.7 మిల్లీమీటర్లే, తేడా వెడల్పులో. షాపులో ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చినా లెక్కకు సరిపోయినట్టే ఉంటుంది, కానీ సరిగ్గా కూర్చోదు. చైను లాకు పెట్టేటప్పుడు మూసి ఉన్న కొస చైను పరిగెత్తే వైపుకు ఉండాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లారు బీచికి బాగా దగ్గర. రెండు నెలలకోసారి కార్ట్ బయటికి తీస్తాం. తీసిన ప్రతిసారీ యాక్సిల్ మీద తుప్పు, కార్బొరేటర్‌లో తెల్లపొడి. తాడు లాగీ లాగీ చెయ్యి పడిపోతోంది. ప్లాస్టిక్ కవరు కూడా కప్పుతున్నాం.
– ఎంవీపీ కాలనీ పాఠకులు

జవాబు: ముందు ఆ ప్లాస్టిక్ కవరు తీసేయండి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే కవరు లోపల నీటి చుక్కలు కడతాయి. విశాఖ గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది, ఆ చుక్కలు దాన్ని పట్టుకుని యాక్సిల్ మీదే కూర్చుంటాయి. పాత నూలు దుప్పటి చాలు, గాలి ఆడుతుంది.

కార్ట్ యాక్సిల్ కొన్నింటికి పూత ఉండదు. ప్రతి రైడు తర్వాత పొడిగుడ్డతో తుడిచి, మెషీన్ ఆయిలు తడిపిన గుడ్డ ఒకసారి తిప్పండి. స్టీరింగు షాఫ్టు, పెడల్ పిన్నులు, ముందు చక్రాలు పక్కలకు తిరిగే కింగ్‌పిన్ బోల్టులు కూడా అలాగే. బ్రేకు డిస్కు మాత్రం వదిలేయండి. దాని మీద సన్నటి తుప్పు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. నూనె పడితే మాత్రం ప్యాడ్లు మార్చాల్సిందే. కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్‌ను బేరింగుల వైపు పెట్టకండి. ఆ ఒత్తిడికి నీళ్ళు సీలు దాటి గ్రీజులోకి పోతాయి. బకెట్టు, బ్రష్షు చాలు. కడిగాక కార్ట్‌ను కాసేపు తిప్పి ఆరనివ్వండి.

తెల్లపొడి సంగతి. మన బంకుల్లో ఇప్పుడు ఈ20 పెట్రోలు, అంటే లీటరులో 200 మిల్లీలీటర్లు ఇథనాల్. హోండా జీఎక్స్ ఇంజన్ల మాన్యువల్ ఇథనాల్‌ను 10 శాతం దాకానే ఒప్పుకుంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. రెండు నెలలు నిలవ ఉంటే ఆ తేమ కార్బొరేటర్ తొట్టి లోహాన్ని కొరికి పొడి చేస్తుంది. పెట్రోల్లోని తేలికైన భాగం ఆవిరైపోయి మిగిలినది జిగురుగా జెట్టు రంధ్రాల్లో కూర్చుంటుంది. ఇంజను ఎక్కకపోవడానికి కారణం ఎక్కువసార్లు అదే. పెట్రోలు పైపులు కూడా ఇథనాల్‌కు గట్టిపడి పగుళ్ళిస్తాయి. ఏడాదికోసారి మార్చండి, ఇథనాల్‌కు తట్టుకునే పైపు అని అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చిన రోజే పది నిమిషాల పని ఉంది. ట్యాంకు ఖాళీ చేసి ఆ పెట్రోలు స్కూటరులో పోసుకోండి (టూస్ట్రోక్ ఆయిలు కలిపినదైతే వద్దు). పెట్రోలు కాక్ మూసి, ఇంజను దానంతట అది ఆగిపోయే దాకా నడపండి. అయినా తొట్టి అడుగున కొంచెం మిగులుతుంది. కింది డ్రెయిన్ బోల్టును 10 నంబరు పానాతో వదిలి అదీ కార్చేయండి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు, అంటే 5 మిల్లీలీటర్లు పోయండి. తాడు రెండుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు పెట్టేయండి. ఇక చివరగా తాడు ఇంకోసారి చాలా మెల్లగా లాగండి. ఒకచోట చేతికి అడ్డు తగిలినట్టు ఆగుతుంది. అక్కడే వదిలేయండి. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసే ఉంటాయి, తేమగాలి సిలిండరులోకి వెళ్ళడానికి దారి ఉండదు.

టూస్ట్రోక్ నీళ్ళ ఇంజనైతే రేడియేటరు నీళ్ళు తీసేయండి. పోటీల్లో కూలెంట్ కలపనివ్వరు, వట్టి నీళ్ళే వాడాలి కాబట్టి నిలవ నీళ్ళతో లోపల తుప్పు త్వరగా పడుతుంది. సైలెన్సరు మూతినీ కార్బొరేటర్ మూతినీ గుడ్డతో కుక్కండి. దాని మీద ఎర్ర రిబ్బను కట్టండి. గుడ్డ మరచిపోయి స్టార్టరు నొక్కిన వాళ్ళు కొత్తేమీ కాదు.

ప్రశ్న: జీఎక్స్200 ఇంజను. కుడి మలుపుల్లో ఇంజను దబదబమని మిస్ అవుతోంది, మలుపు దాటగానే సరిపోతోంది. ఎడమ మలుపుల్లో లేదు. ప్లగ్గు మార్చాం, ఫలితం లేదు.
– మర్రిపాలెం పాఠకుడు

జవాబు: ప్లగ్గుకు ఏ పాపమూ తెలియదు. ఒకే వైపు మలుపుల్లో వస్తోందంటే ముందు ఆయిలు అలర్ట్ స్విచ్చిని అనుమానించాలి. ఈ ఇంజను నీటి పంపులకూ జనరేటర్లకూ తయారైంది. క్రాంక్‌కేసులో ఆయిలు తగ్గితే స్పార్కు ఆపేసే స్విచ్చి ఉంటుంది. మలుపులో ఆయిలు ఒక పక్కకు పోగానే ఆయిలు అయిపోయిందనుకుని అది మంట కోసేస్తుంది. క్రాంక్‌కేసు నుంచి బయటికొచ్చే పసుపు తీగ విడదీసి, కొసకు టేపు చుట్టి ఒకసారి తిరిగి చూడండి. మిస్ పోతే దొరికినట్టే. తీగ విడదీశాక ఆయిలు చూసుకునే బాధ్యత పూర్తిగా మీదే, ప్రతి సెషన్ ముందూ డిప్‌స్టిక్ తీయాలి. దీనికి 0.6 లీటర్ల 10డబ్ల్యూ-30 ఆయిలు పడుతుంది. కార్టులో ఇంజను ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉంటుంది కాబట్టి మాన్యువల్ చెప్పే 100 గంటల దాకా ఆగొద్దు. 10 గంటలకోసారి మార్చండి.

తీగ విడదీసినా మిస్ పోకుండా, మలుపులో నల్లపొగ కూడా వస్తుంటే కార్బొరేటర్ తొట్టిలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు ఎత్తు చూడాలి.

ప్రశ్న: అదే ఇంజనుకు గవర్నర్ పీకేస్తే స్పీడు పెరుగుతుందని వీడియోల్లో చూశాం. పీకమంటారా?
– అక్కయ్యపాలెం కుర్రాళ్ళు

జవాబు: వద్దు. గవర్నర్ ఈ ఇంజనును 3,600 – 3,850 ఆర్‌పీఎం దగ్గర ఆపుతుంది. లోపల ఉన్నది అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు, పోత ఇనుప ఫ్లైవీలు. ఆయిలు పంపు లేదు, కిందున్న ఆయిలు చిమ్మితేనే తడి. 5,000 దాటితే ముందు వాల్వులు స్ప్రింగులకు అందకుండా తేలిపోతాయి, తర్వాత రాడ్డు విరిగి క్రాంక్‌కేసుకు కన్నం పడుతుంది. ఫ్లైవీలు పగిలితే ముక్కలు మీ వీపు దగ్గరే ఉంటాయి. విదేశాల్లో గవర్నర్ తీసి నడిపే వాళ్ళు బిల్లెట్ (గట్టి లోహపు దిమ్మ నుంచి చెక్కిన) రాడ్డు, బిల్లెట్ ఫ్లైవీలు, గట్టి స్ప్రింగులు వేసుకున్నాకే తీస్తారు. వీడియోలో ఆ ఖర్చు చూపించరు.

మీకు కావలసింది గేరింగు. వెనక టైరు 11 అంగుళాలైతే చుట్టుకొలత దాదాపు 878 మిల్లీమీటర్లు. ముందు 20 పళ్ళు, వెనక 60 ఉంటే, 3,600 ఆర్‌పీఎం దగ్గర యాక్సిల్ 1,200 తిరుగుతుంది. అంటే గంటకు 63 కిలోమీటర్లు. వెనక 66 వేస్తే 57 దగ్గర ఆగిపోతుంది, కానీ మలుపు నుంచి బయటికి దూకుతుంది. పొడుగు తిన్నదారి లేని చిన్న ట్రాకులో 66 పళ్ళ కార్టే ముందు వెళ్తుంది. దానికి తోడు వాల్వు గ్యాపు చూడండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు. ప్లగ్గు బీపీఆర్6ఈఎస్, గ్యాపు 0.7 నుంచి 0.8. ఇవి రెండూ తప్పి ఉన్న ఇంజన్లు చాలానే ఉంటాయి.

ప్రశ్న: మేము ఇంజనీరింగ్ విద్యార్థులం. 4130 (క్రోమోలీ స్టీలు) ట్యూబుతో, 25.4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందంతో కార్ట్ చేశాం. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 1,050 మిల్లీమీటర్లు. ఛాసిస్ ఊగకుండా మూడు అడ్డపట్టీలు అదనంగా వెల్డింగ్ చేశాం. స్టీరింగు ఎంత తిప్పినా కార్ట్ తిన్నగా వెళ్ళిపోతోంది.
– భీమిలి రోడ్డు పాఠకులు

జవాబు: ఊగకుండా చేశామని ధీమాగా రాశారు. జబ్బు సరిగ్గా అక్కడే ఉంది.

మీ కార్టుకు డిఫరెన్షియల్ లేదు, రెండు వెనక చక్రాలూ ఒకే యాక్సిల్ మీద ఒకే వేగంతో తిరుగుతాయి. 6 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. వెనక చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లయితే, 90 డిగ్రీలు తిరిగే లోపు లోపలి చక్రం 8.5 మీటర్లు, బయటిది 10.4 మీటర్లు నడవాలి. దాదాపు రెండు మీటర్ల తేడా. ఒకే యాక్సిల్‌తో ఇది కుదరదు, రెండూ నేలను పట్టుకుంటే కార్ట్ తిన్నగానే పోతుంది. అందుకని లోపలి వెనక చక్రం మలుపులో నేల వదిలేయాలి, లేదా కనీసం బరువు దింపుకోవాలి. సస్పెన్షన్ లేని కార్టులో ఆ పని చేసేది రెండు: స్టీరింగ్ క్యాస్టరు (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం), ఛాసిస్ మెలి. స్టీరింగు తిప్పగానే క్యాస్టరు వల్ల లోపలి ముందు చక్రం కిందికి దిగి ఫ్రేమును ఆ మూల పైకి ఎత్తుతుంది, ఎదురు మూలలో బరువు పడి లోపలి వెనక చక్రం తేలుతుంది. ఇక ఛాసిస్ మెలి సంగతి: అడ్డపట్టీలు మరీ ఎక్కువైతే ఫ్రేము మెలి తిరగదు.

చదునైన నేల మీద డ్రైవరును కూర్చోబెట్టి, లోపలి వెనక టైరు కింద కాగితం ముక్క పెట్టి స్టీరింగు పూర్తిగా తిప్పండి. కాగితం సులువుగా జారి వస్తే క్యాస్టరు పనిచేస్తోంది. నలిగి ఇరుక్కుంటే క్యాస్టరు కోణం చూడండి, 10 నుంచి 14 డిగ్రీల మధ్య మొదలుపెట్టొచ్చు. తర్వాత పట్టీల్లో వెనకది కోసేసి మళ్ళీ తిరగండి, ఒకసారికి ఒకటే. కోసిన చోట గ్రైండింగ్ గాటు మిగలకూడదు, పగుళ్ళు అక్కడి నుంచే మొదలవుతాయి.

బరువు కూడా తూయండి. నాలుగు బాత్‌రూమ్ తూకాలు నాలుగు చక్రాల కింద పెట్టి డ్రైవరు కూర్చున్నాక చూస్తే ముందు భాగం మొత్తంలో 43 శాతం దగ్గర ఉండాలి. 150 కిలోలకు ముందు 64-65. బైకు ఇంజను వెనక పెట్టి, సీటు దానికి ఆనించిన కార్టుల్లో ముందు 35 శాతం కూడా రాదు. అప్పుడు ఎంత క్యాస్టరైనా పట్టు దొరకదు. సీటును ముందుకు జరపండి.

ప్రశ్న: బ్రేకు పెడలు స్పాంజిలా దిగిపోతోంది. రెండు మూడు సార్లు కొడితే గట్టిపడుతోంది. ఆయిలు నిండుగానే ఉంది.
– పెందుర్తి పాఠకుడు

జవాబు: మూడు సార్లు కొడితే గట్టిపడుతోందంటే లైన్లో గాలి ఉంది, లేదా ప్యాడ్లు వెనక్కి నెట్టుకుపోతున్నాయి. గాజువాక పాఠకుడికి చెప్పిన యాక్సిల్ జారుడే ఇక్కడా కారణం కావొచ్చు. యాక్సిల్ పక్కకు కదిలితే డిస్కు ఒక ప్యాడును తోసేస్తుంది, తర్వాతి బ్రేకుకు పెడలు ఖాళీగా దిగుతుంది. కాబట్టి గాలి తీసే ముందు యాక్సిల్ కదిలించి చూడండి.

ఇక గాలి. ఆయిలు రేకు డబ్బాపై డాట్ 4 ఉంటే, కొత్తలో అది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155కే మరిగిపోగలదు. మరిగితే ఆవిరి, ఆవిరి ఉంటే స్పాంజి. మన ఊరి తేమకు ఏడాదికి రెండుసార్లు మార్చడం నయం. కొన్ని కార్టుల సీళ్ళకు డాట్ 4 పడదు, కాబట్టి మాస్టర్ సిలిండరు మూత మీద ఏముందో చదివే పోయండి. పై నుంచి పెడలు కొడుతూ గాలి తీయడం కంటే కింది నుంచి నెట్టడం తేలిక, గాలి పైకే వెళ్ళాలనుకుంటుంది. కాలిపరు (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగం) నిపుల్‌కు పారదర్శక పైపు తగిలించి, 20 మిల్లీలీటర్ల సిరంజితో కొత్త ఆయిలు నెమ్మదిగా కింది నుంచి ఎక్కించండి. పై తొట్టిలో బుడగలు ఆగే దాకా ఒకరు చూస్తూ పొంగకుండా పీకుతుండాలి. ఫ్రేము మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడిగేయండి.

పెడలుకూ మాస్టర్ సిలిండరుకూ ఉన్న రాడ్డుకు తోడుగా వైరు తాడు రెండో లింకు ఉందో లేదో చూసుకోండి. పోటీ నియమాల్లోనూ ఉంది. రాడ్డు ఊడినా బ్రేకు పడాలి.

ప్రశ్న: టూస్ట్రోక్ 125కి ఎంత ఆయిలు కలపాలి? బంకులో దొరికే 2టీ చాలదా?
– అనకాపల్లి పాఠకుడు

జవాబు: చాలదు. బంకు 2టీ మోపెడ్ల కోసం, మీ ఇంజను 13 వేల ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది. కార్ట్ రేసింగుకని రాసి ఉన్నదే వాడండి. రోటాక్స్ మాక్స్ ఇంజనైతే 2 శాతం: 5 లీటర్లకు 100, 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొత్త డబ్బాలో ముందు ఆయిలు, పైన పెట్రోలు పోసి బాగా కుదపాలి. భద్రంగా ఉంటుందని ఇంకాస్త ఎక్కువ పోయకండి. ఆయిలు పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడి పిస్టన్ వేడెక్కుతుంది. ఈ20తో ఎలాగూ కొంత పలచబడుతుంది కాబట్టి మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి మొదలుపెట్టి, ప్లగ్గు రంగు చూసి తగ్గించండి. కాఫీ రంగు మంచిది, తెల్లగా ఉంటే ఆగి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్ళు. కార్టింగ్ నేర్చుకుంటానంటోంది. స్కూటరు హెల్మెట్ సరిపోతుందా? బెల్టు ఎందుకు ఉండదు?
– సీతమ్మధార నుంచి ఒక తల్లి

జవాబు: బెల్టు లేకపోవడం లోపం కాదమ్మా. కార్టుకు పైన రక్షణగా రోల్‌బార్ ఉండదు. తిరగబడితే బెల్టు కట్టిన మనిషి దాని కిందే ఉండిపోతారు, అందుకే కట్టరు.

స్కూటరు హెల్మెట్ వద్దు. పూర్తి ముఖం కప్పే, కార్టింగ్ హెల్మెట్లకిచ్చే స్నెల్ కే2020 భద్రతా గుర్తున్నది తీసుకోండి. పిల్లలకు సీఎంఆర్ గుర్తుతో తేలికగా ఉండేవి వస్తాయి, మెడ మీద బరువు తగ్గుతుంది. మెడ కాలరు, పక్కటెముకల రక్షణకు ఎఫ్ఐఏ 8870-2018 గుర్తున్న వెస్టు, చీలమండలు మూసే బూట్లు. కార్టులో దెబ్బ ఎక్కువగా తగిలేది సీటు అంచున పక్కటెముకలకే. అన్నిటికంటే ముందు జడ. జడ ముడి వేసి హెల్మెట్ లోపల కట్టేయాలి, చున్నీ ఒంటి మీద ఉండకూడదు. కార్టులో జుట్టు చుట్టుకుని మన దేశంలోనే ప్రాణాలు పోయాయి.

జాతీయ పోటీలకు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు పోటీలను చూసే సమాఖ్య) లైసెన్సు కావాలి. ఆ స్థాయి ట్రాకులకు మనకు దగ్గరగా హైదరాబాద్, చెన్నై ఉన్నాయి, ఇంకా దూరం వెళితే బెంగళూరు, కోయంబత్తూరు. మొదటి ఏడాది అద్దె కార్టులే చాలు. కొనడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. పిల్ల పొడవు మారిపోతుంది, సీటు దానితో పాటు మారాలి.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత కొట్టాలి?
– గోపాలపట్నం పాఠకుడు

జవాబు: చల్లగా ఉన్నప్పుడు 10 నుంచి 12 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. ఐదు ల్యాపులయ్యాక బయటికి రాగానే, టైరు చల్లారక ముందే కొలవండి. 15 దాటి పెరుగుతుంటే మే నెల ఎండకు మీరు ఎక్కువ కొట్టినట్టు, చల్లగా ఉన్నప్పుడే ఒక పాయింటు తగ్గించండి. బంకులోని గేజీ ఇంత తక్కువ ఒత్తిడిని నమ్మకంగా చూపించదు, 0 నుంచి 30 దాకా మాత్రమే చూపే చిన్న గేజీ ఒకటి సంచిలో పెట్టుకోండి.